మెదడులోని కంతి మరల మొలచునా?

వరిచేలో తుంగ పెరిగినప్పుడు రైతు కూలీలను పెట్టి కలుపు తీయించును. సాయంకాలమునకు చేను శుభ్రముగా కనిపించును. కాని పక్షము దినములు గడచునప్పటికి తుంగ మరల తలయెత్తును. పైకి కనిపించిన గడ్డి పోయినది గాని నేలలోని గడ్డలు పోలేదు. అవి ఎన్ని మిగిలినవో, ఎంత లోతున ఉన్నవో గట్టుమీద నిలిచి చూచువానికి తెలియదు.

మానవుని మెదడులో పుట్టు కంతులలో పెక్కింటి స్వభావము ఈ తుంగను పోలియుండును. శస్త్రవైద్యుడు కపాలమును తెరచి, కంటికి కనిపించినంతవరకు కంతిని తొలగించును. గాయము మానును. రోగి ఇంటికి పోవును. కొందరు మరల బడికి పోవుదురు. కొందరు తమ వృత్తులలో ప్రవేశింతురు. అయినను రోగి మనస్సున, ఇంటివారి మనస్సున ఒక ప్రశ్న నిలిచియే యుండును: ‘ఇది మరల వచ్చునా?’

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకై వైద్యశాస్త్రము నూరు సంవత్సరములకు పైగా కృషి చేయుచున్నది. మొదట శస్త్రవైద్యుని కన్ను సమాధానము చెప్పెను. తరువాత సూక్ష్మదర్శిని చెప్పెను. గడచిన సుమారు ముప్పది సంవత్సరములలో జీవకణములోని అణువులే సాక్ష్యమిచ్చుటకు ప్రారంభించినవి. ఆ సాక్ష్యములకే జీవసూచకములని పేరు. అవి ఏమి చెప్పగలవో, ఏమి చెప్పజాలవో తెలిసికొనుట వైద్యులకే గాక విద్యావంతులందరికిని అవసరము. ఏలయన, వాటిని శకునములుగా భావించినచో భయము కలుగును. వరములుగా భావించినచో మోసము కలుగును.

కత్తికి అందని వేళ్లు

1884 నవంబరు 25వ తేదీన లండన్ నగరములో రిక్‌మన్ గాడ్లీ అను శస్త్రవైద్యుడు ఒక యువకుని మెదడునుండి కంతిని తొలగించెను. ఆనాటికి ఎక్సురే కిరణములు లేవు. వాటిని 1895లో గాని కనుగొనలేదు. రోగి ఎడమ చేతి బలహీనతను, అతనికి వచ్చు మూర్ఛల తీరును పరిశీలించి, కంతి మెదడులో ఏ తావున ఉన్నదో హ్యూస్ బెన్నెట్ అను వైద్యుడు నిర్ణయించి చెప్పెను. చెప్పిన చోటనే కంతి దొరకెను. రోగి సుమారు ఒక నెల జీవించి, గాయమునకు సోకిన దోషమువలన మరణించెను. అయినను మెదడులోని కంతిని బయటనుండియే గుర్తించి తీయవచ్చునని లోకమునకు తెలిసినది.

ఆ కంతి గ్లియోమా అను జాతికి చెందినది. మెదడులో నాడీకణములతోపాటు వాటికి అండగా నిలుచు కణములు కొన్ని కలవు. జర్మను శాస్త్రజ్ఞుడగు రుడాల్ఫ్ విర్కో పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున ఆ కణజాలమునకు గ్రీకు భాషలో ‘జిగురు’ అను అర్థమిచ్చు మాటతో ‘గ్లియా’ అని పేరు పెట్టెను. ఆ కణముల జాతికి చెందిన కంతులే గ్లియోమాలు.

శరీరమున మరియొక చోట కంతి పుట్టినచో దానిచుట్టునున్న మంచి కండనుకూడ ఒక అంగుళము మేరకు కోసి తీసివేయవచ్చును. మెదడులో అట్టి సౌకర్యము లేదు. ఆ అంగుళములో మాట యుండవచ్చును, చూపు యుండవచ్చును, కుడిచేతి కదలిక యుండవచ్చును. గ్లియోమా కణములు మంచి నాడీతంతువుల వెంట ప్రాకి పోవును. కంతికిని, మెదడునకును నడుమ గట్టు వేసినట్లు సరిహద్దు ఉండదు.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో వాల్టర్ డాండీ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఈ సమస్యకు అతి సాహసమైన పరిష్కారమును ప్రయత్నించెను. ఎడమ ప్రక్క పక్షవాతము వచ్చిన కొందరు రోగులకు, కంతి ఉన్న కుడి అర్ధగోళమును పూర్తిగా తొలగించి, 1928లో ఆ విషయమును ప్రకటించెను. అంత చేసినను వ్యాధి మిగిలిన మెదడులో మరల తలయెత్తెను. కత్తి వెడల్పు పెంచుటవలన ఈ వ్యాధి లొంగదని అప్పుడు స్పష్టమైనది. గ్లియోమాలలో అతి తీవ్రమైన గ్లియోబ్లాస్టోమా అనునది పెక్కుమందిలో మొదటి కంతి అంచునకు రెండు సెంటీమీటర్ల లోపలనే మరల పుట్టునని తరువాతి పరిశీలనలు తెలిపినవి. అనగా విత్తనము అక్కడనే మిగిలియుండును. అది ఎప్పుడు మొలచునను ప్రశ్నకు మాత్రము కత్తి సమాధానము చెప్పజాలదు.

కన్ను చెప్పిన సమాధానము

1926లో బోస్టన్ నగరమునుండి పెర్సివల్ బెయిలీ, హార్వీ కుషింగ్ అను ఇరువురు వైద్యులు ఒక గ్రంథమును వెలువరించిరి. గ్లియోమా కంతులను సూక్ష్మదర్శినిలో కనిపించు కణముల రూపమునుబట్టి వారు జాతులుగా విభజించిరి. అంతటితో ఆగక ఏ జాతి కంతి గల రోగి శస్త్రచికిత్స తరువాత ఎంతకాలము జీవించెనో జోడించి చూపిరి. కంతి రూపమునకును రోగి భవిష్యత్తునకును ముడివేసిన తొలి గొప్ప ప్రయత్నమది.

ఆ ముడి ఎట్లు పడినదో గమనింపదగును. కుషింగ్ తాను చికిత్స చేసిన రోగులను మరచిపోవువాడు కాడు. శస్త్రచికిత్స జరిగిన తేదీ తిరిగివచ్చినప్పుడెల్ల తమ ఆరోగ్యమునుగూర్చి ఉత్తరము వ్రాయవలసినదిగా వారిని కోరుచుండెను. లూయీస్ ఐసెన్‌హార్ట్ అను విదుషి ఆ కంతుల ముక్కలను, ఆ రోగుల చరిత్రలను ఎన్నో సంవత్సరములు భద్రపరచెను. రెండువేలకు పైబడిన ఆ సంచయము తరువాత యేల్ విశ్వవిద్యాలయమునకు చేరినది. ఒక గాజుపలకమీది కణమునకు భవిష్యత్తు చెప్పు శక్తి దానంతట అది రాలేదు. దానివెనుక ఒక మనుష్యుని ఉత్తరము ఉండుటవలననే వచ్చినది.

మెదడు పొరలనుండి పుట్టు మెనింజియోమాల కథ వేరు. ఈ పేరు కుషింగ్ 1922లో పెట్టినదే. వీటిలో అధికభాగము సాధుస్వభావము కలవి, నెమ్మదిగా పెరుగును. 1957లో డోనల్డ్ సింప్సన్ అను శస్త్రవైద్యుడు ఇవి మరల ఎందుకు వచ్చునో పరిశీలించి, తొలగింపును అయిదు తరగతులుగా విభజించెను. కంతితోపాటు అది అంటుకొన్న పొరను, ఎముకనుకూడ తీసివేసినచో నూటికి 9 మందికి మాత్రమే తిరిగి వచ్చినది. కంతిని పూర్తిగా తీసి పొరను కాల్చి విడిచినచో నూటికి 19 మందికి వచ్చినది. పొరను ఏమియు చేయక విడిచినచో 29 మందికి వచ్చినది. ఎంత తొలగించితిమన్నది ఒక సూచకమేయని ఈ లెక్క నిరూపించినది.

కణములు ఎంత వేగముగా విభజన చెందుచున్నవో చూపు గుర్తు ఒకటి 1983లో జర్మనీలోని కీల్ నగరమున దొరకినది. విభజన చెందు కణముల కేంద్రములో ఉండి, విశ్రాంతిగానున్న కణములలో లేని ఒక మాంసకృత్తును గుర్తించు పదార్థమును యోహానెస్ గెర్డెస్, ఆయన సహచరులు తయారుచేసిరి. దానికి ‘కి-67’ అని పేరు. ‘కి’ అనునది ఆ నగరము పేరులోని మొదటి అక్షరము. 67 అనునది పరీక్షపలకపై ఆ నమూనా ఉన్న గుంట సంఖ్య. నేటికిని కంతి ముక్కను పరీక్షించిన నివేదికలలో ఈ గుర్తు కనిపించుచుండును. రంగు పట్టిన కణములు నూటికి ఎన్ని యున్నవో లెక్కించి, కంతి ఉధృతిని అంచనా వేయుదురు.

అయినను కన్ను చెప్పు సమాధానమునకు ఒక హద్దు కలదు. సూక్ష్మదర్శినిలో కవలపిల్లలవలె కనిపించు రెండు కంతులలో ఒకదానివలన రోగి రెండేండ్లకే మరణించును. రెండవదానితో మరియొకడు పదునైదేండ్లు జీవించును. అనుభవజ్ఞులగు పరీక్షకులుకూడ ఒకే పలకను చూచి వేరువేరు పేర్లు పెట్టుచుండిరి. రూపమునకు వెనుక మరియొక సంగతి దాగియున్నదని స్పష్టమైనది.

అణువుల సాక్ష్యము

మానవ శరీరములోని సాధారణ జీవకణములో 23 జతల క్రోమోజోములు ఉండును. ఒక్కొక్క క్రోమోజోమునకు పొట్టి చేయి, పొడుగు చేయి అని రెండు భాగములు కలవు. ఒలిగోడెండ్రోగ్లియోమా అను కంతి కణములలో మొదటి క్రోమోజోముయొక్క పొట్టి చేయియు, పందొమ్మిదవదానియొక్క పొడుగు చేయియు లోపించియుండును. 1998లో కెనడాకు చెందిన గ్రెగరీ కెయిర్న్‌క్రాస్, ఆయన సహచరులు ఒక విశేషమును ప్రకటించిరి. ఈ రెండు చేతులు లోపించిన కంతులు మందులకు చక్కగా లొంగుచున్నవి. ఆ రోగులు ఎక్కువకాలము జీవించుచున్నారు.

ఈ సూచకము నిజమా కాదా అని తేల్చిన పరీక్ష కథ ఓర్పునకు ఒక పాఠము. ఉత్తర అమెరికాలో 1994 మొదలు 291 మంది రోగులను రెండు భాగములుగా చేసి, ఒక భాగమునకు మందులతోపాటు కిరణ చికిత్సయు, రెండవ భాగమునకు కిరణ చికిత్స మాత్రమును చేసిరి. 2006లో ఫలితములు వెలువడినప్పుడు రెండు భాగముల ఆయుర్దాయములో భేదము కనిపించలేదు. మందులు వృథాయని అక్కడితో ముగించియుండవచ్చును. కాని పరిశోధకులు రోగులను విడువక, మరి కొన్ని సంవత్సరములు కనిపెట్టియుండిరి. 2013లో వెలువడిన లెక్క వేరుగా నుండెను. రెండు చేతులు లోపించిన కంతులు గలవారిలో కిరణ చికిత్స మాత్రమే పొందినవారి మధ్యస్థ జీవితకాలము 7.3 సంవత్సరములు, మందులుకూడ పొందినవారిది 14.7 సంవత్సరములు. అనగా రెట్టింపు. ఆ లోపము లేనివారిలో రెండు పద్ధతులకును భేదము లేదు, 2.7 సంవత్సరములు, 2.6 సంవత్సరములు.

ఒకే గుంపుగా చూచినప్పుడు కనిపించని సత్యము, సూచకమునుబట్టి వేరుచేసినప్పుడు కనిపించినది. అదియును కాలము గడచినపిమ్మట మాత్రమే కనిపించినది.

రెండవ గొప్ప సూచకము 2008లో బయలుపడినది. ఏ జాన్స్ హాప్కిన్స్ సంస్థలో డాండీ అర్ధగోళమును తొలగించెనో, ఆ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులే గ్లియోబ్లాస్టోమా కంతులలోని జన్యువులను వరుసగా చదివిరి. కొన్ని కంతులలో ఐ.డి.హెచ్‌. 1 అను ఎంజైము మారియుండుట వారు గమనించిరి. ఆ ఎంజైము 414 పూసలు గుచ్చిన హారమువంటిది. వానిలో 132వ పూస మాత్రమే మారినది. అర్జినిన్ ఉండవలసిన చోట సాధారణముగా హిస్టిడిన్ వచ్చి చేరినది. తెలుగులో ‘పలు’ అను మాటకు ఒక్క దీర్ఘము పెట్టినచో ‘పాలు’ అగును, అర్థమే మారిపోవును. ఇదియు అట్టిదే. మారిన ఎంజైము కణములో ఉండరాని ఒక ఆమ్లమును మిక్కుటముగా తయారుచేయును. అది కణముయొక్క నడవడిని మార్చివేయును.

చిత్రమేమనగా, ఈ మార్పు గల కంతులు మార్పు లేనివాటికంటె నెమ్మదిగా నడచును. రోగులు ఎక్కువకాలము జీవింతురు. ఈ మార్పును కనిపెట్టుటకు గొప్ప యంత్రములు అన్నిసార్లు అవసరము లేదు. సాధారణమైన మార్పును గుర్తించు ప్రత్యేకమైన రంగు ఒకటి పలకపై వేసినచో, మారిన కణములు గోధుమవర్ణమున కనిపించును.

ఇట్టి సాక్ష్యములు పెరుగగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణమును 2016లో మార్చెను. 2021లో మరింత మార్చెను. సూక్ష్మదర్శినిలో సాధువుగా కనిపించినను, పెద్దవారి గ్లియోమాలో ఐ.డి.హెచ్‌. మార్పు లేకుండ, మరికొన్ని నిర్దిష్టమైన జన్యుదోషములు ఉన్నచో దానిని గ్లియోబ్లాస్టోమాగానే ఎంచవలెను. ఐ.డి.హెచ్‌. మార్పు గల ఆస్ట్రోసైటోమాలో కణవిభజనకు కళ్లెమువంటి సి.డి.కె.ఎన్‌. 2ఏ అను జన్యువు రెండు ప్రతులును పోయినచో, రూపమెట్లున్నను అది నాల్గవ తరగతికి చేరును. మెనింజియోమాలకును ఈ న్యాయమే వర్తించును. ఈ కళ్లెపు జన్యువు పూర్తిగా పోయినను, కణమునకు అంతులేని ఆయువునిచ్చు టెర్ట్ అను జన్యువుయొక్క తాళపుచెవి మారినను, ఆ కంతి త్వరగా మరల వచ్చునని ఎంచి మూడవ తరగతిలో చేర్చుదురు. సింప్సన్ లెక్కలో మొదటి తరగతి తొలగింపు పొందిన రోగికికూడ నేడు ఈ పరీక్షవలన హెచ్చరిక లభింపవచ్చును.

తాళము పడిన మరమ్మతుశాల

సూచకములలో రెండు రకములు కలవు. ఈ భేదమును విద్యార్థులు బాగుగా గ్రహింపవలెను. ఒక రకపు సూచకము, ఏ ఎరువు వేసినను ఈ నేల మంచిది, ఆ నేల చవుడు అని చెప్పుటవంటిది. రెండవ రకపుది, ఈ నేలకు ఈ ఎరువు పనిచేయును, ఆ నేలకు పనిచేయదు అని చెప్పుటవంటిది. మొదటిది వ్యాధిగతిని చెప్పును. రెండవది చికిత్సాఫలమును చెప్పును. కొన్ని సూచకములు రెండు పనులును చేయును.

రెండవ రకమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము ఎం.జి.ఎం.టి. అను జన్యువు. గ్లియోబ్లాస్టోమాకు వాడు టెమొజోలమైడ్ అను మందు కంతి కణములోని డి.ఎన్‌.ఏ.ను గాయపరచును. ఎం.జి.ఎం.టి. తయారుచేయు మాంసకృత్తు ఆ గాయమును మరమ్మతు చేయును. మరమ్మతు జరిగినచో మందు వ్యర్థము. కాని కొన్ని కంతులలో ఈ జన్యువు ముఖద్వారమున మిథైల్ అను చిన్న అణుసముదాయములు చేరి, తాళము వేసినట్లు దానిని మూసివేయును. మరమ్మతుశాల మూతపడును, మందు పనిచేయును.

ఐరోపాలోను, కెనడాలోను 573 మంది రోగులపై జరిపిన పరీక్షయొక్క ఫలితములు 2005లో వెలువడినవి. కిరణ చికిత్స మాత్రమే పొందినవారి మధ్యస్థ జీవితకాలము 12.1 నెలలు; మందుకూడ పొందినవారిది 14.6 నెలలు. భేదము రెండున్నర నెలలేకదాయని తోచును. కాని అదే సంవత్సరము స్విట్జర్లండుకు చెందిన మోనికా హేగి, ఆమె సహచరులు ఆ కంతులలోని తాళమును పరీక్షించి చూచిరి. మందు పొందినవారిలో తాళము పడిన కంతులు గలవారు రెండేండ్లు దాటి నూటికి 46 మంది జీవించిరి. తాళము లేనివారు నూటికి సుమారు 14 మంది మాత్రమే జీవించిరి.

సగటు వేరు, మనుష్యుడు వేరు

ఈ అంకెలను చదువునప్పుడు జాగ్రత్త యుండవలెను. మధ్యస్థమనగా ఏమి? తరగతిలోని పిల్లలను ఎత్తునుబట్టి వరుసగా నిలిపి, నడుమ నిలిచినవాని ఎత్తు కొలుచుట. అతనికంటె పొడగరులు సగముమంది ఉందురు. వారిలో చివరివాడు ఎంత పొడవో నడిమివాని కొలత చెప్పదు. మధ్యస్థ జీవితకాలము 14.6 నెలలనగా రోగి పదునైదవ నెలలో మరణించునని అర్థము కాదు. సగముమంది అంతకంటె ఎక్కువకాలము జీవించిరని అర్థము.

అట్లే ఒక పాఠశాలలో నూటికి 46 మంది ఉత్తీర్ణులైరని, మరియొకదానిలో 14 మంది ఉత్తీర్ణులైరని తెలిసినంతమాత్రమున, ఒక బాలుని చూపి ఇతడు ఉత్తీర్ణుడగునా కాడా అని ఏ ఉపాధ్యాయుడును శపథము చేయజాలడు. మొదటి పాఠశాలలోను 54 మంది తప్పిరి. రెండవదానిలోను 14 మంది నెగ్గిరి. సూచకము రోగిని ఒక వరుసలో నిలుపును. ఆ వరుసలో అతని స్థానమును చెప్పదు. అందుచేతనే వివేకవంతుడగు వైద్యుడు ‘నీకింతకాలము’ అని చెప్పడు. ‘నీవంటివారిలో ఇట్లు జరిగినది’ అని చెప్పును. ఈ రెండు వాక్యములకును గల భేదము కుటుంబములకు జీవన్మరణములంతటి భేదము.

పసిపిల్లల విషయము

ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన విషయమొకటి కలదు. పిల్లల మెదడులో పుట్టు ప్రమాదకరమైన కంతులలో మెడుల్లోబ్లాస్టోమా ముఖ్యమైనది. ఇది చిన్నమెదడు ప్రాంతమున పుట్టును. బెయిలీ, కుషింగులే 1925లో దీనికి పేరు పెట్టిరి. ఇది వెన్నుపాముచుట్టు ప్రవహించు ద్రవముద్వారా దూరమునకు ప్రాకును. అందుచేత కంతిని తొలగించిన తరువాత మెదడంతటికిని, వెన్నుపాము పొడుగునను కిరణ చికిత్స చేయుదురు. దానివలన ఎందరో పిల్లలు బ్రతికి బయటపడుచున్నారు. కాని పెరుగుచున్న మెదడునకు ఆ కిరణములు హాని చేయును. అట్టి బాలుడు మరల బడికి వచ్చినప్పుడు వ్రాయుటలో ఆలస్యమగును, చదివినది త్వరగా గుర్తుండదు, లెక్కలలో వెనుకబడును. అది సోమరితనము కాదు. ప్రాణము దక్కించుకొన్నందుకు ఆ బాలుడు చెల్లించిన మూల్యము.

ఈ మూల్యమును తగ్గింపవచ్చునా? 2010లో బోస్టన్ నగరమున సమావేశమైన శాస్త్రజ్ఞులు మెడుల్లోబ్లాస్టోమాలను జన్యువుల నడవడినిబట్టి నాలుగు వర్గములుగా విభజించుటకు సమ్మతించి, 2012లో ప్రకటించిరి. వానిలో ‘వింట్’ అను వర్గమునకు చెందిన కంతులు గల పిల్లలు నూటికి 90 మందికి పైగా అయిదేండ్లు దాటి జీవించుచున్నారు. ఇంత మంచి సూచకము గల పిల్లలకు అంత తీవ్రమైన కిరణ చికిత్స ఏల అను ప్రశ్న సహజముగనే పుట్టినది.

బొంబాయిలోని టాటా స్మారక వైద్యశాల వైద్యులు ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టిరి. వింట్ వర్గమునకు చెందిన కొద్దిమంది పిల్లలకు మెదడంతటికిని, వెన్నుపామునకును కిరణములు పంపక, కంతి ఉన్న చోటునకు మాత్రమే పంపి, తరువాత మందులు ఇచ్చిరి. కిరణములు పోని చోట్ల కొందరికి వ్యాధి మరల వచ్చినది. వైద్యులు ఆ పరీక్షను అర్ధాంతరముగా నిలిపివేసి, 2022లో ఫలితములను దాపరికము లేకుండ లోకమునకు తెలియజేసిరి.

ఇందులోని పాఠము గొప్పది. ‘ఈ కంతి మరల రాదు’ అని సూచకము చెప్పలేదు. ‘ఇంత చికిత్స పొందిన పిల్లలలో ఈ కంతి మరల రాలేదు’ అని మాత్రమే చెప్పినది. చికిత్సను తీసివేయగానే ఆ జోస్యమునకు ఆధారము తొలగిపోయినది. సూచకము ఏ పరిస్థితులలో చదువబడినదో ఆ పరిస్థితులకే అది సాక్షి. కిరణములను పూర్తిగా మానక, వాని మోతాదును జాగ్రత్తగా తగ్గించి చూచు పరీక్షలు ఇతర దేశములలోకూడ చేపట్టబడినవి. అవి ఫలించినచో రేపటి తరగతిగదిలో ఒక బాలునికి కొంత జ్ఞాపకశక్తి మిగులును.

నీడకంటె ముందు

చికిత్స ముగిసిన తరువాత నియమిత కాలములందు ఎం.ఆర్‌.ఐ. చిత్రములు తీయుదురు. ఆ చిత్రమే రోగికి పరీక్షాఫలితమువంటిది. కాని చిత్రముకూడ భ్రమ కలిగింపవచ్చును. కిరణ చికిత్స తరువాత మొదటి కొన్ని నెలలలో కంతి పెరిగినట్లు నీడ కనిపించి, తరువాత తనంత తానే తగ్గిపోవుట కలదు. అది కంతి కాదు. చికిత్సవలన కలిగిన వాపు. ఎం.జి.ఎం.టి. తాళము పడినవారిలో ఇట్టి భ్రమ ఎక్కువగా కలుగునని తెలిసినది. అందుచేత సూచకమును ఎరిగిన వైద్యుడు తొందరపడి మంచి మందును మానివేయడు.

నీడ కనిపించుటకు ముందే కంతి రాకను గుర్తింపవచ్చునా అనునది నేటి ప్రయత్నము. నశించు కంతి కణములనుండి డి.ఎన్‌.ఏ. తునకలు విడివడి ద్రవములలో చేరును. మెదడునకును రక్తమునకును నడుమ ప్రకృతి కట్టిన కట్టుదిట్టమైన గోడ యుండుటవలన, రక్తములో ఈ తునకలు మిక్కిలి తక్కువగా దొరకును. మెదడుచుట్టునున్న ద్రవములో ఎక్కువగా దొరకును. 2021లో అమెరికా శాస్త్రజ్ఞులు మెడుల్లోబ్లాస్టోమా సోకిన 123 మంది పిల్లలనుండి వేరువేరు కాలములందు తీసిన 476 నమూనాలను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. వ్యాధి తిరగబెట్టినవారిలో సగముమందికి, చిత్రములలో కంతి కనిపించుటకు ముందే ద్రవములో దాని జాడ దొరకినది. మిగిలిన సగమునకు దొరకలేదనుటయు మరువరాదు.

సూచకము కేవలము హెచ్చరికగా నిలిచిపోక మందునకు గురిగాకూడ మారవచ్చును. మారిన ఐ.డి.హెచ్‌. ఎంజైమును అడ్డగించు వొరాసిడెనిబ్ అను మందును 331 మంది రోగులపై పరీక్షించి 2023లో ఫలితములు ప్రకటించిరి. వీరందరును శస్త్రచికిత్స అయి, కంతి శేషము మిగిలినవారు, లేక కంతి తిరిగి వచ్చినవారు. మందు పొందనివారిలో కంతి పెరుగుటకు ముందు గడచిన మధ్యస్థ కాలము 11.1 నెలలు, పొందినవారిలో 27.7 నెలలు. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము దీని వాడుకకు అనుమతి నిచ్చెను. కంతి నిర్మూలమగునని దీని అర్థము కాదు. కిరణ చికిత్స అవసరమగు దినమును దూరమునకు నెట్టుటకు ఒక ఉపాయము దొరకినదని అర్థము.

జాతకము కాదు, జ్ఞాపకము

సూచకములను జాతకచక్రముతో పోల్చువారు కలరు. ఆ పోలిక సరికాదు. జాతకము పుట్టిన ఘడియనుబట్టి చెప్పబడును. పూర్వము ఎవరికి ఏమి జరిగినదో లెక్కచూడదు. సూచకమునకు ఆ లెక్కయే ప్రాణము. ‘రెండు చేతులు లోపించిన కంతి’ అను మాట ఆశాజనకమైనది ఏలయన, 1994 తరువాత ఎందరో రోగులు తమ కంతి ముక్కలను పరిశోధనకు విడిచి, సంవత్సరములతరబడి వైద్యశాలకు తిరిగివచ్చి తమ స్థితిని తెలుపుటవలన.

అందుచేత ఈ శాస్త్రమునకు గొప్ప యంత్రములతోపాటు రెండు సామాన్యమైన వస్తువులు అవసరము. ఒకటి, శస్త్రచికిత్సలో తీసిన ముక్కను మైనములో నిలువచేసిన చిన్న దిమ్మ. అది పోయినచో కొత్తగా కనుగొన్న సూచకమును పాత రోగిలో వెదకుటకు మార్గముండదు. చికిత్స పొందినవారు తమ పరీక్షాపత్రములను భద్రపరచుకొనుటయు, ఆ దిమ్మ ఎక్కడ నున్నదో తెలిసికొనియుండుటయు మేలు. రెండవది, చికిత్స తరువాతి సమాచారము. దూరపు పల్లెనుండి వచ్చిన రోగి ఇంటికి పోయి మరల కనిపించకున్నచో, అతనికి తరువాత ఏమైనదో ఏ గ్రంథములోను చేరదు. అతనివంటివారికి చెప్పవలసిన సమాధానములో అంత మేరకు లోటు ఏర్పడును.

‘ఇది మరల వచ్చునా?’ అని నేడు ఒక తల్లి అడిగినచో వైద్యుడు 1884లోవలె మౌనము వహింపనక్కరలేదు. కంతి పేరు, దాని తరగతి, దానిలో మారిన అక్షరము, మూతపడిన తాళము చూచి కొంత నిశ్చయముగా మాటలాడగలడు. ఎన్ని నెలలకొకసారి చిత్రము తీయవలెనో, ఏ మందు ఈయవలెనో, దేనిని మానవచ్చునో నిర్ణయింపగలడు. ఆయన చెప్పునది పూర్వము ఇదే ప్రశ్న అడిగినవారి బిడ్డలకు జరిగిన కథ. ఆమె బిడ్డకు జరుగబోవునది తరువాత అడుగు తల్లికి సమాధానములో చేరును.